‘పోయి రా’ అని పంపే చదువు



గత నెలలో ఆలూరు దగ్గర ఒక పల్లెలో ఇంటి ప్రార్థన కూటమికి వెళ్ళాము. ప్రార్థన అంశాలు చెప్పమన్నప్పుడు వెనుక వరుసలో ఒక తల్లి లేచి నిలబడింది. ప్రతి ఏడాది ఇక్కడ పత్తి పని అయిపోగానే గుంటూరు వైపు మిరప కోతకు పోయి వచ్చే మనిషి. ఆమె కూతురు వేరే ఊరిలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఒక సెమిస్టరు జర్మనీలో చదవడానికి ఎంపికైందట. కూటమి అంతా స్తోత్రం చెప్పింది. ఆ తల్లి ముఖంలో మాత్రం సంతోషం కంటె భయమే ఎక్కువగా కనబడింది. “పోతే మళ్ళా వస్తాదా అయ్యగారూ? ఉన్న రెండెకరాలు అమ్మాల్సి వస్తాదా?” అని అడిగింది.

ఆ రెండు ప్రశ్నలు ఆమె ఒక్కతెవే కావు. అందుకే ఈ వారం వాటికే జవాబు రాస్తున్నాము.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఇలాగే ఒక యువకుడు విదేశానికి వెళ్తున్నానని చెబితే, సంఘమంతా నిలబడి చేతులుంచి ప్రార్థించి పంపాము. అతని చేతిలోని కాగితం ఏమిటో మేము చదవలేదు, చదవమని ఎవరికీ చెప్పలేదు. అది విద్యార్థి మార్పిడి అని మధ్యవర్తి చెప్పాడు, ఇంటివారు నమ్మారు. నిజానికి అది పూర్తి ఫీజు కట్టించుకునే మామూలు ప్రవేశం. పొలం పోయింది, అప్పు మిగిలింది, చదువు సగంలో ఆగింది. కాగితం చదవడం కూడా కాపరి పనేనని మేము ఆలస్యంగా నేర్చుకున్నాము.

మార్పిడి అంటే ఏమిటి?

విదేశంలో చదవడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది, అక్కడి విశ్వవిద్యాలయంలోనే డిగ్రీకి చేరడం. అప్పుడు అక్కడి ఫీజు అక్కడే కట్టాలి, పట్టా వారే ఇస్తారు. రెండవది మార్పిడి. ఇక్కడి విశ్వవిద్యాలయమూ అక్కడి విశ్వవిద్యాలయమూ ముందుగా ఒప్పందం రాసుకుంటాయి. మన విద్యార్థి ఒకటి రెండు సెమిస్టర్లు అక్కడ చదువుతుంది, వారి విద్యార్థి ఇక్కడికి రావచ్చు. వెళ్ళిన కాలమంతా ఆమె మన విశ్వవిద్యాలయ విద్యార్థే. సాధారణంగా ట్యూషన్ ఫీజు ఇక్కడే కడుతుంది, అక్కడ కట్టనక్కర లేదు. అక్కడ సంపాదించిన క్రెడిట్లను ఇక్కడి మార్కుల జాబితాలో కలుపుతారు. పట్టా ఇచ్చేది మన విశ్వవిద్యాలయమే.

అంటే ఈ చదువులో తిరిగి రావడం ముందే రాసి ఉంటుంది. ఆమె సీటు ఇక్కడే ఉంది, ఆమె కోసం ఎదురు చూస్తోంది. మన తెలుగులో ప్రయాణమయ్యేవారిని ‘పో’ అని పంపరు, ‘పోయి రా’ అంటారు. మార్పిడి కూడా సరిగ్గా అలా పంపే చదువే.

మన పశ్చిమ కర్నూలు ప్రాంతానికి ఈ తేడా వివరంగా చెప్పాలి. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఊరు విడిచి పోవడమంటే వెంటనే గుర్తొచ్చే మాట వలస. వానలు మోసం చేస్తే గుంటూరుకో, బెంగుళూరుకో, హైదరాబాదుకో ఇంటికి తాళం వేసి పోతారు. బడిలో ఉన్న పిల్లలను కూడా వెంట తీసుకుపోతారు. వలస పోయిన పిల్లవాడికి బడిలో జరిగిన పాఠం తిరిగి రాదు. మార్పిడి దీనికి తలకిందులు. దూరం పోయిన కాలం కూడా చదువు లెక్కలోకి వస్తుంది. ఆ లెక్క కాగితం మీద లేకపోతే మాత్రం అది మార్పిడి కాదు, విమానంలో పోయే వలసే.

ఎరాస్మస్ పేరు ఎందుకు?

ఐరోపాలో ఈ పద్ధతికి ఎరాస్మస్ అని పేరు. 1987లో 11 దేశాల మధ్య మొదలైంది. ఆ మొదటి ఏడాది వెళ్ళిన విద్యార్థులు సుమారు 3,200 మంది. ఇప్పుడు ఎరాస్మస్ ప్లస్ పేరుతో భారతదేశం వంటి బయటి దేశాల విశ్వవిద్యాలయాలతో కూడా మార్పిడి జరుగుతోంది. చదువు కోసం 2 నెలల నుండి 12 నెలల వరకు వెళ్ళవచ్చు. ఎంపికైనవారికి అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. ప్రయాణానికి సాయం, నెలనెలా ఖర్చుకు స్టైపెండ్ ఇస్తారు. అక్కడి లెక్కలో ఒక పూర్తి సెమిస్టరుకు 30 క్రెడిట్లు, ఏడాదికి 60.

బైబిలు చదివేవారికి ఎరాస్మస్ కొత్త మనిషి కాడు. గ్రీకు కొత్త నిబంధనను 1516లో బాజెల్ నగరంలో అచ్చు వేయించిన పండితుడు ఆయనే. దాని రెండవ ముద్రణను ఎదుట పెట్టుకునే లూథరు కొత్త నిబంధనను జర్మన్ భాషలోకి తెచ్చాడు. రోటర్డామ్‌లో పుట్టిన ఎరాస్మస్ పారిస్‌లో చదివాడు, కేంబ్రిడ్జిలో బోధించాడు, బాజెల్‌లో పుస్తకాలు వేయించాడు. ఒక ఊరి గ్రంథాలయంలో దొరకని చేతిరాత ప్రతి మరో ఊరిలో దొరుకుతుందని తెలిసినవాడు. తిరిగి చదివే విద్యార్థులకు ఆయన పేరు పెట్టడం బాగానే కుదిరింది.

అమెరికాలో దారి వేరు. డిగ్రీకి వెళ్ళేవారికి ఎఫ్-1 వీసా, మార్పిడి మీద వెళ్ళేవారికి సాధారణంగా జె-1 వీసా. మొదటిదానికి ఐ-20 పత్రం, రెండవదానికి డిఎస్-2019 పత్రం కావాలి. జె-1కు ఆరోగ్య బీమా తప్పనిసరి. ప్రభుత్వ ధనసాయంతో వెళ్ళిన కొందరు తిరిగి వచ్చి రెండేళ్ళు స్వదేశంలో ఉండాలనే నియమం కూడా ఉంది. 1950లో మన దేశంతో ఒప్పందం కుదిరి, ఇప్పుడు ఫుల్‌బ్రైట్-నెహ్రూ పేరుతో నడిచే ఫెలోషిప్పులు కూడా తిరిగి రావాలనే షరతుతోనే ఇస్తారు.

మన దేశ నియమాలు కూడా మారాయి. యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం, అర్హత గల విశ్వవిద్యాలయాలు విదేశీ సంస్థలతో కలిసి ట్విన్నింగ్ కోర్సులు నడపవచ్చు. వాటిలో విదేశంలో సంపాదించే క్రెడిట్లు 30 శాతానికి మించకూడదు. జంట పట్టాలకు, ఉమ్మడి పట్టాలకు లెక్కలు వేరు. కాబట్టి ‘విదేశీ ఒప్పందం ఉంది’ అని కళాశాల గోడ మీద చూసి సంతోషపడితే చాలదు. అది ఏ రకం ఒప్పందమో అడగాలి.

ఎక్కడ మోసపోతున్నాము?

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మీద అధికారులు దాడి చేసినప్పుడు, చిక్కుకున్న విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలోనూ ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ వారు. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టిన వార్త చదివి తెలుగు ఇళ్ళు ఎంత తల్లడిల్లాయో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 2019లో మిషిగాన్‌లోని ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం విషయం ఇంకా విచిత్రం. తప్పు చేసేవారిని పట్టుకోవడానికి అమెరికా అధికారులే దాన్ని నకిలీగా నెలకొల్పారు. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు.

ఇవి మార్పిడి కార్యక్రమాలు కావు. అయినా ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. ఆ విద్యార్థుల వెనుక వారి కోసం జవాబు చెప్పే విశ్వవిద్యాలయం ఇక్కడ ఒక్కటి కూడా లేదు. మార్పిడిలో అది ఉంటుంది. అందువల్ల సంతకం పెట్టకముందు ఇంటివారు ఈ ఐదు ప్రశ్నలు అడగాలి.

ఒకటి, మా అమ్మాయి పేరు పంపింది ఎవరు? విశ్వవిద్యాలయం పంపితే మార్పిడి, కేవలం ఏజెంటు పంపితే అనుమానించాలి.

రెండు, ట్యూషన్ ఫీజు ఎవరికి కడుతున్నాము?

మూడు, అక్కడ ఏ సబ్జెక్టులు చదివితే ఇక్కడ ఏ సబ్జెక్టులకు బదులుగా లెక్కిస్తారు? దీనికి ముందుగానే రెండు వైపులా, విద్యార్థితో కూడా కలిపి, సంతకాలు చేసే పత్రం ఉంటుంది. అది లేకుండా బయలుదేరితే తిరిగి వచ్చాక అదే సెమిస్టరు మళ్ళీ చదవాల్సి రావచ్చు.

నాలుగు, గది, భోజనం, బీమా, వీసా, టికెట్టు ఎవరి ఖర్చు?

ఐదు, ఇక్కడ ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందుతున్నవారికి హాజరు లెక్క ఎలా? అక్కడ ఉన్న నెలలు గైర్హాజరుగా పడకుండా కళాశాల నుండి రాతపూర్వకంగా తీసుకోవాలి.

పేర్లు, పత్రాలు, సత్యం

మన కుటుంబాల్లో తరచుగా వచ్చే చిక్కు ఒకటుంది. బాప్తిస్మమప్పుడు పెట్టిన పేరు ఒకటి, పదో తరగతి మార్కుల జాబితాలో ఉన్న పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట ఒక్క అక్షరం. పాస్‌పోర్టు, మార్కుల జాబితా, వీసా దరఖాస్తు మూడింటిలో పేరూ పుట్టిన తేదీ ఒక్కటిగా ఉండాలి. దీన్ని ఎంపికయ్యాక కాదు, ఇంటర్‌లో ఉండగానే సరిచేసుకోవాలి.

ఇంకో మాట నొప్పిగా ఉన్నా చెప్పాలి. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 125 మందికి. అందులో 115 ఎస్సీలకు, కొద్ది స్థానాలు సంచార జాతులకు, 4 స్థానాలు భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. అది కూడా పీజీకి, పీహెచ్‌డీకే గాని ఒక సెమిస్టరు మార్పిడికి కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులుగా మారిన దళితులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వారిని బీసీ-సి గా లెక్కిస్తారు. ఈ నియమం న్యాయమా కాదా అని అడిగే హక్కు మనకుంది, అడుగుతూనే ఉన్నాము. కాని నియమం అన్యాయమని దరఖాస్తులో అబద్ధం రాయమని ఏ బిడ్డకూ చెప్పలేము. పరదేశంలో ఆ కాగితం ఆమె వెంటే ఉంటుంది.

సంఘం చేయగలిగినది

విదేశం వెళ్ళే పిల్లలకు మనం ఎప్పుడూ దానియేలును చూపిస్తాము. పరాయి భాష, పరాయి విద్య నేర్చుకున్నా తన భక్తిని విడువలేదని చెబుతాము. మంచి మాటే. కాని దానియేలు చెరగా వెళ్ళాడు, తిరిగి వచ్చినట్టు గ్రంథంలో ఎక్కడా లేదు. మార్పిడి విద్యార్థికి సరిపోయే చిత్రం అపొస్తలుల కార్యములు 13, 14 అధ్యాయాల్లో ఉంది. అంతియొకయ సంఘం బర్నబాను, సౌలును పంపింది. వారు తిరిగి వచ్చి సంఘాన్ని కూర్చోబెట్టి జరిగినదంతా వివరించారు. పంపినవారికి వినే బాధ్యత ఉంది, వెళ్ళినవారికి చెప్పే బాధ్యత ఉంది.

భాష గురించి భయపడేవారికి ఒక్క మాట. 1953 అక్టోబర్ 1 వరకు ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్ళారి జిల్లావే. నేటికీ మనవాళ్ళు బళ్ళారి అంగట్లో కన్నడం, ఇంటికొచ్చి తెలుగు మాట్లాడతారు. తప్పులు పోతాయని సిగ్గుపడకుండా పరాయి భాష మాట్లాడడం మనకు ఎవరూ నేర్పనక్కర లేదు. అలాగే ఈ దారి ఒకవైపే నడవలేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1998 నుండి విదేశీ విద్యార్థులను తన తరగతుల్లో చేర్చుకుంటోంది. మన దగ్గర కూడా ఇతరులు వచ్చి నేర్చుకోదగినది ఉందని మన పిల్లలు తెలుసుకొని బయలుదేరాలి.

ఇక ఆ తల్లి ప్రశ్నలకు వద్దాము. మరుసటి రోజు ఆమె కూతురిని ఫోనులో పెట్టుకొని, వచ్చిన ఉత్తరం మొదటి పేజీ నుండి చివరి వరకు చదివించాము. పేరు పంపింది విశ్వవిద్యాలయమే. అక్కడ ట్యూషన్ లేదు. రాను పోను ప్రయాణానికి సాయం, నెలకు స్టైపెండ్ ఉన్నాయి. క్రెడిట్ల పత్రం మీద మాత్రం ఇక్కడి విభాగాధిపతి సంతకం ఇంకా పడలేదు. ముందు అది చేయించమని చెప్పాము, చేయించింది. స్టైపెండ్ అక్కడికి చేరాకే వస్తుంది కాబట్టి వీసాకు, బీమాకు, మొదటి నెల ఖర్చుకు చేతిలో డబ్బు కావాలి. దానికి రెండెకరాలు అమ్మనక్కర లేదు. సంఘ పెద్దలు నలుగురు కలిసి వడ్డీ లేకుండా సర్దారు. ఎంత ఇచ్చారో, ఎప్పటికి తీర్చాలో ఒక నోటుపుస్తకంలో రాసి అందరూ సంతకాలు పెట్టారు.

ఆ అమ్మాయి సెప్టెంబరు చివర వెళ్తుంది. చలికాలపు సెమిస్టరు మార్చితో ముగుస్తుంది. ఉగాది నాటికి రావాలి. అప్పటికి ఆమె తల్లి మిరప కోతలో ఉంటుంది. ఆ సంగతి గుర్తు చేసి, “ఎవరు పోయి తోడుకొస్తారు?” అని ఆ తల్లి అడిగింది. బస్టాండుకు మేము వెళ్తామని చెప్పాము. ఆ వచ్చే ఆదివారం ప్రసంగం తగ్గించుకొని, అక్కడ ఏమి చూసిందో, ఏమి నేర్చుకుందో ఆ అమ్మాయినే చెప్పమంటాము. మీ సంఘంలోనూ ఇలా వెళ్ళేవారుంటే కాగితం చదివి పంపండి. తిరిగి వచ్చిన రోజున కూర్చోబెట్టి వినండి.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక.

— సంపాదకుడు