మోకాళ్ల నొప్పికి ‘పీఈఏ’ క్యాప్సూల్స్... కొనే ముందు ఇవి తెలుసుకోండి

సజ్దాకు వంగలేక కుర్చీ మీద కూర్చుని నమాజు చదివే పెద్దలు ఇప్పుడు దాదాపు ప్రతి మసీదులోనూ కనిపిస్తున్నారు. మోకాళ్ల నొప్పికి ఏళ్ల తరబడి పెయిన్‌కిల్లర్లు మింగితే కడుపులో మంట, కిడ్నీలకు చేటు. అందుకే ‘నేచురల్’ అని రాసి ఉన్న డబ్బా కనిపిస్తే చాలు, పిల్లలు అమ్మీ కోసం, అబ్బా కోసం ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేస్తున్నారు. అలాంటి డబ్బాల మీద కనిపించే పేర్లలో ఒకటి పీఈఏ. పూర్తి పేరు పాల్మిటోయిల్‌ఇథనోలమైడ్. ఇంతకీ ఏమిటిది? నిజంగా పని చేస్తుందా?

ఒంట్లోనే తయారయ్యే కొవ్వు

పీఈఏ ఒక కొవ్వు పదార్థం. గుడ్డు పచ్చసొన, సోయా, పల్లీల్లో కొద్దిగా ఉంటుంది. మన శరీరం కూడా దీన్ని సొంతంగా తయారు చేసుకుంటుంది.

దెబ్బ తగిలిన చోట ఎర్రబడి వాచడం చెడ్డ విషయమేమీ కాదు. రోగనిరోధక వ్యవస్థ అక్కడికి చేరి పని మొదలుపెట్టిందని దానర్థం. పని అయ్యాక ఆ వాపు తగ్గిపోవాలి. తగ్గకుండా నెలలు, ఏళ్లు కొనసాగితే అదే పెద్ద జబ్బు అవుతుంది. ఇలా మితిమీరకుండా శరీరం వేసుకునే బ్రేకుల్లో పీఈఏ ఒకటి.

ఇది రెండు రకాలుగా పని చేస్తుంది. చర్మం కింద, నరాల దగ్గర మాస్ట్ సెల్స్ అనే కణాలుంటాయి. దురద, వాపు తెప్పించే హిస్టమిన్‌ను వదిలేవి ఇవే. పీఈఏ వీటిని శాంతపరుస్తుందని 1993లో నోబెల్ గ్రహీత రీటా లెవీ మోంటాల్చినీ బృందం చెప్పింది. రెండోది, కణం లోపల పీపార్-ఆల్ఫా అనే స్విచ్ లాంటిది ఉంటుంది. పీఈఏ దాన్ని నొక్కితే వాపును పెంచే పదార్థాల తయారీ తగ్గుతుంది.

అంటే ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అని ప్రకటనల్లో రాసేది సరైన మాట కాదు. ఇది ఇమ్యూనిటీని పెంచేది కాదు, అదుపులో పెట్టేది.

గుడ్డు పచ్చసొనతో మొదలైంది

1943లో న్యూయార్క్‌లోని పేద పిల్లలకు పచ్చసొన ఇస్తే రుమాటిక్ జ్వరం తిరగబెట్టడం తగ్గిందని డాక్టర్లు గమనించారు. 1957లో పచ్చసొన, సోయా లెసిథిన్, పల్లీ పిండి నుంచి పీఈఏను వేరు చేశారు. 1970లలో చెకోస్లోవేకియాలో స్కోడా కార్ల ఫ్యాక్టరీ కార్మికులకు, సైనికులకు జలుబు, ఫ్లూ రాకుండా ఇచ్చి చూశారు. ఇంపల్సిన్ పేరుతో మాత్రలు కూడా అమ్మారు. తర్వాత అవి మార్కెట్ నుంచి కనుమరుగయ్యాయి.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక జాగ్రత్త. పిల్లలకు గొంతు నొప్పి వచ్చిన కొన్ని వారాలకు జ్వరం, కీళ్ల వాపు వస్తే అది రుమాటిక్ జ్వరం కావచ్చు. గుండె కవాటాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. దీనికి మందు పెన్సిలిన్. గుడ్లు పెట్టండి, మంచిదే. కానీ డాక్టర్ రాసిన ఇంజెక్షన్ మాత్రం ఆపొద్దు.

నొప్పి తగ్గుతుందా?

కొందరికి తగ్గుతుంది. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో మోకీళ్ల అరుగుదల ఉన్న 111 మందిలో కొందరికి 8 వారాలు రోజుకు 300 లేదా 600 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వాళ్లకంటే వీళ్లకు నొప్పి, బిగుసుకుపోవడం తగ్గాయి. కానీ వెన్నుపాము దెబ్బతిన్న 73 మందిపై 12 వారాలు జరిపిన మరో పరిశోధనలో (2016) ఏ లాభమూ కనబడలేదు. ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో చాలావి ఇలా చిన్నవే. కాబట్టి ‘ఆశ ఉంది’ అనొచ్చు, ‘గ్యారంటీ’ అనలేం. అరిగిపోయిన గుజ్జును ఇది మళ్లీ పెంచుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

పల్లీలు తింటే సరిపోదా?

సరిపోదు. పల్లీల్లో ఉండే పీఈఏ మైక్రోగ్రాముల లెక్క. పరిశోధనల్లో ఇచ్చేది వందల మిల్లీగ్రాములు. కిలోల కొద్దీ తిన్నా అంత రాదు, పైగా బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే మోకాళ్లకే నష్టం.

హలాలేనా? నషా ఉంటుందా?

గంజాయికి సంబంధించిన ఉత్పత్తుల పక్కనే దీన్నీ అమ్ముతుంటారు కాబట్టి ఈ అనుమానం సహజం. పీఈఏ గంజాయి నుంచి తీసింది కాదు, దీనితో మత్తు రాదు. అయితే క్యాప్సూల్ పైతొడుగు చూసుకోవాలి. అది జెలటిన్ అయితే జంతువుల ఎముకలు, చర్మం నుంచి వచ్చి ఉంటుంది. ఏ జంతువుదో లేబుల్ మీద చాలాసార్లు రాయరు. హలాల్ సర్టిఫికెట్ ఉందా, లేదంటే మొక్కల నుంచి తీసిన హెచ్‌పీఎంసీ తొడుగా అని చదివి కొనండి.

డాక్టర్‌ని అడగకుండా వద్దు

పరిశోధనల్లో పెద్దగా సైడ్ ఎఫెక్ట్స్ కనిపించలేదు. అయినా గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లల విషయంలో సమాచారం చాలా తక్కువ, వాళ్లకు వాడకపోవడమే మేలు. షుగర్, బీపీ, గుండె, కిడ్నీ మందులు వాడేవాళ్లు డబ్బాను డాక్టర్‌కు చూపించాకే మొదలుపెట్టాలి. ముఖ్యంగా కీళ్లవాతానికి వేసుకునే మందులు ఆపేసి దీన్ని మొదలుపెట్టొద్దు. నొప్పి కాస్త తగ్గినట్టే ఉన్నా లోపల కీలు పాడవుతూనే ఉంటుంది. పోయిన కీలు తిరిగి రాదు.

డాక్టర్ సరే అంటే రెండు మూడు నెలలు వాడి చూడండి. తేడా లేకపోతే ఆపేయండి. ఆ డబ్బు ఫిజియోథెరపీకి, రోజూ కాసేపు నడవడానికి మంచి చెప్పులకు పెడితే మోకాళ్లకు అంతకంటే మేలు.