ఇద్దరికీ ఇష్టమైన పని ఒకటుంటే...

పెళ్లయి పదిహేనేళ్లు దాటిన ఇంట్లో భార్యాభర్తల మధ్య నడిచే మాటలు ఒక్కరోజు గమనించి చూడండి. "గ్యాస్ బుక్ చేశారా?", "పిల్లాడి ఫీజు కట్టాలి", "వచ్చేటప్పుడు పెరుగు పట్టుకురండి"... అంతేగా! పోట్లాటలు లేవు, అలకలు లేవు. కానీ ఇంటి అవసరాలు పక్కన పెడితే ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. పిల్లలు చదువులకనీ, ఉద్యోగాలకనీ ఇల్లు విడిచి వెళ్లాక ఆ మౌనం మరీ బరువవుతుంది.

"మాది పెద్దలు కుదిర్చిన సంబంధం, ప్రేమా దోమా మాకెక్కడివండీ!" అని నవ్వేస్తారు చాలామంది. ప్రేమ పెళ్లికి ముందే పుట్టాలని ఎవరన్నారు? ఇద్దరూ కలిసి ఇష్టంగా చేసే పని ఒకటుంటే, అది పెళ్లికి ముందు ప్రేమకు దారి తీయొచ్చు, పెళ్లయిన ఇరవయ్యేళ్లకీ తీయొచ్చు. లోకమెరిగిన కొన్ని జంటల కథలు చూస్తే ఇది నిజమేననిపిస్తుంది.

కెమెరా కలిపిన జంట

మన దేశపు తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్ హోమై వ్యారావాలా 1913లో గుజరాత్‌లోని నవసారిలో ఒక పార్శీ కుటుంబంలో పుట్టారు. పదమూడేళ్ల వయసులో ఆమెకు మాణెక్‌షాతో పరిచయమైంది. ఆయనకు ఫోటోలు తీయడమంటే ప్రాణం. ఆయన దగ్గరే హోమై కెమెరా పట్టడం నేర్చుకున్నారు. ఆ పరిచయమే ప్రేమగా మారి 1941లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

ఆ రోజుల్లో ఆడపిల్ల ఫోటోలు తీస్తుందంటే వినేవాళ్లకు వింత. అందుకని ఆమె ఫోటోలు మొదట్లో మాణెక్‌షా పేరుతోనే అచ్చయ్యేవి. 1942లో ఆ దంపతులు ఢిల్లీ చేరాక మాత్రం హోమై తన పేరు తానే సంపాదించుకున్నారు. 1947 ఆగస్టులో ఎర్రకోట మీద ఎగిరిన మన జెండాను ఫోటో తీసింది ఆవిడే!

ఆమె పెట్టుకున్న కలం పేరు "డాల్డా 13". నవ్వొస్తోంది కదూ! పుట్టింది 1913లో, భర్తను కలిసింది 13వ ఏట, మొదటి కారు నంబరు డీఎల్‌డీ 13. ఇన్ని పదమూళ్లను కలిపి ముచ్చటగా పేరు పెట్టుకున్నారన్నమాట. భర్తను కలిసిన వయసును కూడా ఆ పేరులో దాచుకున్నారంటే ఆ పరిచయం ఆవిడకెంత విలువైందో వేరే చెప్పాలా?

పెళ్లి డబ్బుతో సైకిళ్లు

రేడియం కనుగొన్న క్యూరీ దంపతుల పేరు వినని వారుండరు. మేరీ, పియరీ 1895లో ఫ్రాన్స్‌లో పెళ్లి చేసుకున్నప్పుడు నగలూ, విందులూ లేవు. కానుకగా వచ్చిన డబ్బుతో రెండు సైకిళ్లు కొనుక్కుని, వాటి మీదే పల్లెటూళ్లు తిరిగారు. ఇద్దరికీ చెట్లన్నా, పొలాలన్నా, గాలి పోసుకుంటూ తిరగడమన్నా ఇష్టం మరి!

ఆ స్నేహం ప్రయోగశాలలోనూ సాగింది. 1903లో నోబెల్ బహుమతికి మొదట పియరీ పేరే వచ్చింది, మేరీ పేరు లేదు. ఆ సంగతి తెలిసి పియరీ ఊరుకోలేదు. ఇద్దరం కలిసి చేసిన పని, ఇద్దరినీ కలిపే చూడాలని ఉత్తరం రాశాడు. చివరికి బహుమతి ఇద్దరికీ వచ్చింది. కలిసి సైకిల్ తొక్కడం ఒక ఎత్తు, పేరు కలిసి పంచుకోవడం మరో ఎత్తు!

టీ కొట్టు నుంచి లోకం చుట్టి

"వాళ్లంతా చదువుకున్నవాళ్లు, పెద్దవాళ్లు. మనకెలా కుదురుతుంది?" అంటారేమో. అయితే కేరళలోని కొచ్చి వెళ్దాం. విజయన్, మోహన దంపతులు అక్కడ చిన్న టీ కొట్టు నడిపేవారు. ఇద్దరికీ ఒకటే పిచ్చి, ఊళ్లు చూడటం! రోజూ వచ్చే రాబడిలోంచి మూడు వందలు పక్కన పెట్టేవారు. చాలకపోతే అప్పు చేసి ప్రయాణం కట్టేవారు. తిరిగొచ్చి మళ్లీ టీలు అమ్మి ఆ అప్పు తీర్చేవారు. తీరగానే ఇంకో దేశం!

2007లో మొదలుపెట్టి 2021 దాకా ఇరవై ఆరు దేశాలు చూశారు. ఆఖరిది రష్యా. అక్కడినుంచి వచ్చిన కొద్దివారాలకే, 2021 నవంబరులో విజయన్ కన్నుమూశారు. నగలూ, స్థలాలూ కొనే డబ్బుతో ఏం సాధించారని అడిగేవాళ్లు ఉంటారు. ఆ ఇద్దరికీ ఒకరితో ఒకరు చెప్పుకునే కబుర్లకు ఏనాడూ కరువు రాలేదు. అది చాలదూ!

ఆయన ఆట, ఆవిడ కాఫీ!

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆదివారం ఆయన స్నేహితులతో క్యారమ్స్ ఆడుతుంటే మీరు లోపల బజ్జీలు వేయడాన్ని "ఇద్దరి హాబీ" అనరు. మీరు ముగ్గు వేస్తుంటే ఆయన గుమ్మంలో పేపరు చదవడమూ అంతే. ఇష్టం ఇద్దరిదీ కావాలి, శ్రమ ఇద్దరిదీ కావాలి. చివర్లో గిన్నెలు కడిగే పనీ ఇద్దరిదే కావాలి. లేకపోతే ఆ హాబీ మీకు ఇంకో చాకిరీ అవుతుంది. ఈ మాట మొదటిరోజే నవ్వుతూ చెప్పేయండి. "ఏమండీ, ఇవాళ ఆట నాది, కాఫీ మీది" అంటే కాదనే మగవాడు ఎంతకాలం కాదంటాడు?

అమ్మాయి చెప్పే కబురు

ఈ రోజుల్లో ఇంకో సందర్భం కూడా వస్తోంది. "అమ్మా, ట్రెక్కింగ్‌లో ఒక అబ్బాయి పరిచయమయ్యాడు..." అని మీ అమ్మాయి మొదలుపెట్టవచ్చు. గుండె గుభేలుమంటుంది, నిజమే. కానీ ఆలోచించండి. పెళ్లిచూపుల్లో పావుగంట కూర్చుంటే ఎవరి గుణం తెలుస్తుంది? కొండెక్కేటప్పుడు తెలుస్తుంది. వెనకబడ్డవాళ్ల కోసం ఆగుతాడా? తన మంచినీళ్లు పంచుకుంటాడా? ఆటలో ఓడితే మొహం మాడ్చుకుంటాడా? ఇవన్నీ అమ్మాయిని కసరకుండా అడగండి. కసిరితే మీకు చెప్పడం మానేస్తుంది, అంతే. అదే సమయంలో హాబీ కలిసినంత మాత్రాన అన్నీ కలిసినట్టు కాదని కూడా చెప్పండి. ఉద్యోగం, అప్పులు, అలవాట్లు, ఇంటివాళ్ల తీరు మామూలు సంబంధానికి ఎలా విచారిస్తామో దీనికీ అలాగే విచారించాలి.

మొదలుపెట్టడం ఎలా?

పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. వారపత్రికలో గళ్ల నుడికట్టు ఇద్దరూ కలిసి పూర్తిచేయండి. పాత క్యారమ్ బోర్డు అటక మీంచి దించండి. లేదా డాబా మీద రెండు కుండీలు పెట్టండి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమంగా కలిపి నింపి, రాత్రంతా నానబెట్టిన మెంతులు చల్లండి. నాలుగైదు రోజుల్లో మొలకలు, మూడు నాలుగు వారాల్లో పప్పులోకి మెంతికూర! ఒకరు నీళ్లు పోస్తే ఒకరు కలుపు తీయండి. "ఇవాళ రెండాకులు వచ్చాయి చూశారా?" అని ఆయన్ని పిలవాలనిపిస్తే చాలు, గ్యాసూ పెరుగూ కాని మొదటి మాట మీ ఇంట్లో మొలిచినట్టే!

మొదట్లో ఆయన విసుక్కోవచ్చు, మీకూ బద్ధకం అనిపించవచ్చు. వారానికి ఒక గంట, అదీ టీవీ, ఫోనూ పక్కనపెట్టి, ఓ రెండు నెలలు పట్టుబట్టి చూడండి. ఒక పని నచ్చకపోతే ఇంకోటి వెతకండి. కుండీలకు వేళైందంటూ ఏదో ఒకనాడు ఆయనే మిమ్మల్ని పిలుస్తారు. అప్పుడు పొయ్యి మీద పులుసు ఉన్నా సరే, మంట తగ్గించి వెళ్లండి!