కొండనాలుక పక్కకు జరిగితే...!

లాల్‌దర్వాజాలో ఓ ఇల్లు అనుకోండి. ఆషాఢమాసం. వీధంతా బోనాల సందడి. పన్నెండేళ్ల పిల్లాడు మాత్రం మంచం దిగడం లేదు. నాలుగు రోజులుగా గొంతునొప్పి, జ్వరం. 'చల్లటివి తాగొద్దంటే విన్నావా' అంటూ నానమ్మ గొంతుమీద సున్నం, బెల్లం పట్టు వేసింది. నాన్న మూలమీది మందుల షాపులో అడిగి నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చాడు. రెండు వేసుకోగానే నొప్పి కాస్త తగ్గింది. మిగతా రెండూ కిటికీలోనే ఉండిపోయాయి.

ఐదోరోజు రాత్రి పిల్లాడు నోరు తెరవలేకపోయాడు. ఉమ్మి మింగలేక చొంగ కారుస్తున్నాడు. 'నానమ్మా' అని పిలిస్తే నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది.

పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఎదురుకాగల పరిస్థితే ఇది. మామూలు గొంతునొప్పి టాన్సిల్ పక్కన చీముగడ్డగా మారడమంటే ఇదే. డాక్టర్లు దీన్ని 'క్విన్సీ' అంటారు.

ఎందుకొస్తుంది?

నోరు బాగా తెరిస్తే గొంతుకు అటూ ఇటూ కనిపించే చిన్న ఉండలే టాన్సిల్స్. నోటి ద్వారా వచ్చే క్రిములను ముందుగా ఎదుర్కొనే కాపలాదారులివి. స్ట్రెప్టోకాకస్ లాంటి బ్యాక్టీరియా సోకితే అవి వాచిపోతాయి. ఇన్ఫెక్షన్ అక్కడితో ఆగకుండా టాన్సిల్‌కూ దాని వెనకున్న కండరానికీ మధ్య చేరితే అక్కడ చీము పడుతుంది. పసిపిల్లల్లో కంటే టీనేజీ పిల్లల్లోనే ఇది ఎక్కువ.

టాన్సిల్స్ వాపులో సాధారణంగా రెండు పక్కలా నొప్పి ఉంటుంది. చీముగడ్డలో నొప్పి ఒక పక్కకు మళ్లుతుంది. అదే వైపు చెవి కూడా పోటు పెడుతుంది. దవడ పట్టేస్తుంది. టార్చిలైటు వేసి చూస్తే అసలు గుర్తు కనిపిస్తుంది. ఒక టాన్సిల్ పైభాగం ఉబ్బి, నడిమధ్యన వేలాడాల్సిన కొండనాలుకను రెండో వైపుకు నెట్టేస్తుంది.

అలాగని చొంగ కారుతూ, ఊపిరికి ఇబ్బంది పడుతున్న పిల్లల నోట్లో ఇంట్లోవాళ్లు చెంచాలూ వేళ్లూ పెట్టకూడదు. 'గవదలు నొక్కుతాం' అనేవారి దగ్గరికి అసలే వెళ్లకూడదు. గడ్డ పగిలి చీము ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. 108కు ఫోన్ చేయడమో, నేరుగా ఆస్పత్రికి వెళ్లడమో మేలు. పాతబస్తీ వాళ్లకు మూసీ దాటితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా, ఆ పైన కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉన్నాయి.

ఎలా తేలుస్తారు?

చాలావరకు డాక్టరు కంటిచూపుతోనే తేలిపోతుంది. అది ఇంకా వాపేనా, చీము పట్టిందా అన్న అనుమానముంటే అల్ట్రాసౌండ్ తీస్తారు. గడ్డ మెడలోపలికి పాకిందనిపిస్తే సీటీ స్కాన్ అవసరమవుతుంది. ఐదేళ్లలోపు పిల్లలు మెడ తిప్పలేక బిగదీసుకుంటే మరింత జాగ్రత్త పడాలి. వాళ్లలో గొంతు వెనక చీము చేరే ప్రమాదముంది.

గొంతులో బూడిదరంగు పొర కనిపించి, మెడ బాగా వాచిందంటే డిఫ్తీరియా కావచ్చు. దాని చికిత్స వేరు. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఇలాంటి పిల్లలు ఇప్పటికీ వస్తుంటారు. పుట్టిన 6, 10, 14 వారాల్లో వేయించే టీకాలతో సరిపెట్టకుండా ఏడాదిన్నరకు, ఐదేళ్లకు, ఆపైన 10, 16 ఏళ్లకు బూస్టర్లు కూడా వేయించాలి.

చీము తీయడమే మందు

వాపు దశలోనే ఉంటే రక్తనాళం ద్వారా యాంటీబయాటిక్స్, సెలైన్ ఇచ్చి ఒకటి రెండు రోజులు గమనిస్తారు. చీము నిండితే మాత్రం మాత్రలు చాలవు. సూదితో లాగేయాలి, లేదా చిన్న గాటు పెట్టి బయటికి వదలాలి. చీము పోగానే పిల్లలకు ఎంతో ఉపశమనం. పెద్ద పిల్లలకు ఆ చోట మొద్దుబారేలా చేస్తే సరిపోవచ్చు. కదలకుండా కూర్చోలేని చిన్నారులకు పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తుంది.

మత్తు విషయంలో ఈ ఊరికి చరిత్రే ఉంది. 1888, 1889లలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్థిక సాయంతో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ఇక్కడే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెబుతారు. క్లోరోఫాం గుండెకు హాని చేయదన్న లారీ వాదన తర్వాత నిలబడలేదు. మత్తులో ఉన్న రోగి ఊపిరి మీదే కన్నేసి ఉంచాలన్న మాట మాత్రం నేటికీ పాఠమే. గొంతులో గడ్డ ఉన్న పిల్లల విషయంలో అది మరీ ముఖ్యం.

ఆపరేషన్ తప్పదా?

ఒకసారి గడ్డ వచ్చిందని టాన్సిల్స్ తీసేయాల్సిన పనిలేదు. మళ్లీ మళ్లీ వచ్చినా, ఏడాదిలో ఏడుసార్లో, వరసగా రెండేళ్లపాటు ఏటా ఐదుసార్లో టాన్సిల్స్ వాచినా అప్పుడు ఆలోచిస్తారు. ఇంటికొచ్చాక డాక్టరు రాసిన మందులు పూర్తిగా వాడాలి. సాధారణంగా పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ద్రవాలు ఎక్కువగా ఇవ్వాలి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఆ మాట తెలిసీతెలియని వైద్యం గురించి. సగంలో వదిలేసిన వైద్యం కూడా అంత చేటే. లాల్‌దర్వాజా ఇంట్లో ఈసారి మాత్రల అట్ట కిటికీలో కాదు, నానమ్మ చేతిలోనే ఉండాలి... చివరి మాత్ర అయ్యేదాకా!