పాతికేళ్లకే బీపీ చూపించుకోవాలా?

ఆత్మకూర్ (ఎస్) మండలంలో పాతికేళ్ల యువకుణ్ని బీపీ ఎప్పుడు చూపించుకున్నావని అడిగితే వచ్చే జవాబు ఇంచుమించు ఇలాగే ఉంటుంది: ‘‘నాకేమైతది? మా నాయినకు సూపిస్తే సాలు.’’ ఊళ్లలో ఏఎన్ఎంలు చేసే బీపీ, షుగర్ పరీక్షలు ప్రధానంగా 30 ఏళ్లు దాటినవారికి కావడంతో ఈ ధీమా మరింత బలపడింది. వయసు మళ్లాకే రోగాలొస్తాయన్నది అన్నిటికన్నా పెద్ద అపోహ. అవి అప్పుడు బయటపడతాయంతే; మొదలయ్యేది చాలా ముందు.

1953లో అచ్చయిన ఒక పరిశీలన వైద్య లోకాన్నే ఉలిక్కిపడేలా చేసింది. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను వైద్యులు కోసి చూశారు. వాళ్ల సగటు వయసు 22. అయినా 77 శాతం మందిలో గుండె రక్తనాళాల జబ్బు ఆనవాళ్లు దొరికాయి. కొందరికి గోడలు కాస్త మందమెక్కి ఉంటే, కొందరికి నాళం దాదాపు పూడుకుపోయింది.

మంచి కూడా అంత ముందే మొదలవుతుందనడానికి రుజువు మన పల్లెల్లోనే ఉంది. 1987–90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల ఐసీడీఎస్ (అంగన్‌వాడీ) పథకం అందిన 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా వండిపెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనెతో చేసిన ఉప్మా అది. దగ్గర్లోని మరో 14 ఊళ్లకు పథకం అప్పటికింకా రాలేదు. రెండు చోట్ల పిల్లలూ 13–18 ఏళ్ల వయసుకు వచ్చాక పరిశోధకులు మళ్లీ వెళ్లి కొలతలు తీశారు. ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు. అంతకన్నా ముఖ్యం, వాళ్ల రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి, ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. ఈ ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో దొరికిన తిండి కౌమారంలో గుండెకు కాపు కాసిందన్నమాట. అంగన్‌వాడీ భోజనాన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

‘‘పొద్దంతా పొలంల ఉంటం, మాకు షుగర్ ఎట్లొస్తది?’’ అన్నది రైతు ఇళ్లలో వినిపించే మాట. నాగలి పట్టిన తాతల కాలంలో ఆ మాటకు బలం ఉండేది. ఇప్పుడు దున్నడానికి ట్రాక్టర్, కోతకు మిషన్, పొలం దాకా బండి. పని తగ్గింది, పళ్లెంలో అన్నం మాత్రం తగ్గలేదు. సన్నగా ఉన్నవాళ్లకు షుగర్ రాదన్నదీ నిజం కాదు. మనవాళ్లలో కాళ్లూ చేతులూ బక్కగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చేవాళ్లు ఎక్కువ. నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే ముప్పు ఉన్నట్టే. దీనికి టేపు చాలు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంటే, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. ఆ అంచున ఉన్నప్పుడే తిండి, నడక మార్చుకుంటే చాలామంది వెనక్కి రాగలరు.

ఇక ఎముకలు. ఫ్లోరైడ్ దెబ్బ తిన్న ఉమ్మడి నల్లగొండ జిల్లాలో వీటి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎముకల బలంలో దాదాపు 90 శాతం ఇరవై ఏళ్లలోపే సమకూరుతుంది. పంటి పింగాణీ అయితే ఎనిమిదేళ్లలోపే చాలావరకు తయారవుతుంది. ఆ వయసులో ఫ్లోరైడ్ నీళ్లు తాగితే పడ్డ గార తర్వాత ఎంత తోమినా పోదు. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందని ఇంకా నమ్మేవాళ్లున్నారు. పోదు సరికదా, నీరు ఆవిరై మిగిలినదాంట్లో దాని పాళ్లు పెరుగుతాయి. బోరు నీళ్లు తాగే ఇళ్లలో ముందు పరీక్ష చేయించాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు పిల్లలకు పట్టకూడదు.

‘‘ఆడపిల్లలకు రక్తం తక్కువుండుడు మామూలే’’ అనడం మరో ప్రమాదం. తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) చెప్పింది. ఇంతమందికి ఉన్నంత మాత్రాన అది మామూలు అయిపోదు. గర్భిణి కాని అమ్మాయికి హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాలి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను, కడుపులో తిప్పుతుందని పారేస్తుంటారు. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. దాని వెంటనే చాయ్ తాగితే మాత్రం ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. గంటో రెండు గంటలో ఆగాలి. చాయ్‌కి బదులు నిమ్మరసమో జామకాయో తీసుకుంటే ఇంకా బాగా పడుతుంది.