పీపాలు చేసిన ఇంటిపేరు

1992 జనవరి 22న డిస్కవరీ వ్యోమనౌకలో నరాల వైద్యురాలు రోబర్టా బోండార్ అంతరిక్షానికి వెళ్లారు. అలా వెళ్లిన తొలి కెనడా మహిళ ఆమె. ఆమె ఇంటిపేరు మాత్రం కెనడాది కాదు, ఉక్రెయిన్ పల్లెల్లో పీపాలు చేసేవాళ్లది.

ఉక్రెయిన్ భాషలో ‘బోద్న్యా’ అంటే మూత ఉన్న కర్రతొట్టి. దాన్ని చేసేవాడు ‘బొద్నార్’. జనం నోట ద, న తారుమారై ‘బోందర్’ అయింది. ఓక్ దుంగను పలకలుగా చీల్చి, ఆరబెట్టి, వేడి చూపించి వంచి, చుట్టూ పట్టీలు బిగించేవాడు. ఒక్క మేకు కొట్టడు, ఒక్క చుక్క కారదు. క్యాబేజీ, దోసకాయలు చలికాలానికని ఉప్పునీటిలో ఊరేది ఆ పీపాల్లోనే.

ఆ పేరుకు కొమ్మలు కూడా ఉన్నాయి. బొందరెంకో అంటే బోందర్ కొడుకు. బొందర్‌చుక్ అన్నా ఆ వంశంవాడే. టాల్‌స్టాయ్ ‘యుద్ధము–శాంతి’ని తెరకెక్కించిన సెర్గేయ్ బొందర్‌చుక్ ఉక్రెయిన్‌లోని ఖెర్సోన్ ప్రాంతంలో పుట్టినవాడే.

ఇలాంటి పేర్లు సముద్రం దాటడానికి కారణం భూమి. అప్పట్లో ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న ఉక్రేనియన్ల ప్రాంతం గలీసియాలో అన్నదమ్ముల పంపకాలతో పొలాలు ముక్కలైపోయాయి. కెనడాలో పది డాలర్ల రుసుము కడితే 160 ఎకరాలు ఇచ్చేవారు. 1891 సెప్టెంబరు 7న గలీసియాలోని నెబిలివ్ ఊరివాళ్లు ఇవాన్ పిలిపివ్, వాసిల్ ఎలెన్యాక్ మాంట్రియల్‌లో దిగారు. 1914 నాటికి వాళ్ల వెనుక వచ్చినవాళ్లు దాదాపు 1,70,000 మంది.

ఆ ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. శత్రుదేశమైన ఆస్ట్రియా పౌరులన్న ఒక్క కారణంతో కెనడా ప్రభుత్వం వేలమంది ఉక్రేనియన్లను శిబిరాల్లో నిర్బంధించింది. పరాయిపేరు వినపడితే పని దొరకని ఆ రోజుల్లో కొందరు ఇంటిపేరే మార్చుకున్నారు. బోందర్ పేరు మాత్రం ఎన్నో ఇళ్లలో నిలిచింది. ఇంగ్లీషు నోట ‘ద’ కాస్తా ‘డ’ అయింది, అంతే.

పిల్లలూ, మన ఇంటిపేర్లలోనూ ఊళ్లున్నాయి, వృత్తులున్నాయి. బడిలో ఎవరికైనా మీ ఇంటిపేరు నోరు తిరగకపోతే దాన్ని కుదించి ఇవ్వకండి. దాని అర్థం చెప్పండి. అందుకు ముందు అది మీకు తెలియాలి. ఈ ఆదివారం ఫోనులో మీ తాతయ్యనో నాయనమ్మనో అడగండి, విన్నది విన్నట్టు రాసిపెట్టుకోండి.