పిల్లలకు చిల్లర నేర్పుట

గ్రామపెద్దలారా,

నిజాము పాలనకాలమున ఖానాపురం హవేలినుండి భద్రాచలమునకు పోయిన మన పూర్వులకు గోదావరి దాటగానే లెక్క మారెడిది. ఇవతల హాలీ సిక్కా, అవతల ఇంగ్లీషువారి కల్దారు. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారులకు సమానము. రెంటను రూపాయికి పదునారణాలే. పేరొకటి, విలువ వేరు. ఆ తేడా నెరుగనివాడు ఇచ్చినంత పుచ్చుకొని వచ్చెడివాడు. 1957 ఏప్రిలు 1వ తేదీన నూరు నయాపైసల రూపాయి వచ్చినది. 1959లో హాలీ చెలామణి ముగిసినది.

నేడు లెక్క సులువైనది గాని, ఇంటి బేరములు ఫోనుతో తీరుచుండగా పిల్లవాడు నాణెమును చూచుటయే అరుదయినది. నూరువరకు గడగడ చెప్పగల బాలునిచేత అయిదురూపాయల బిళ్ల యొకటి, రూపాయి బిళ్లలు మూడు పెట్టి ‘ఎంత?’ అని యడుగుడు. ‘నాలుగు’ అనును. వాడు బిళ్లలను లెక్కించినాడు, విలువను గాదు. చింతగింజలతో ఈ పాఠము రాదు. గింజలన్నిటికిని ఒకటే విలువ గదా! నిజమైన నాణెములే కావలెను. (నోటిలో పెట్టుకొను పసివాండ్రకు మాత్రము ఇయ్యరాదు.)

మొదట అయిదు రూపాయి బిళ్లలు తీసికొని ఒక అయిదురూపాయల బిళ్ల నిండు, మరల మార్చుడు. కొన్నినాళ్లు ఇదియే ఆట. పది, ఇరువది రూపాయల బిళ్లలు రెండును వెడల్పున సమానములే. ఇరువదికి పండ్రెండంచులు గలవు. కన్నులు మూయించి వ్రేళ్లతో గుర్తింపజేయుడు. పావలా బిళ్ల 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయినను మన నోట నిలిచియున్నది. ఆ మాట పిల్లవానికి ఇప్పుడే చెప్పి తికమక పెట్టకుడు.

ఇక చిల్లర. తీసివేత రానివానికిని ఇది వచ్చును. వస్తువు పదుమూడు రూపాయలు, ఇచ్చినది ఇరువది. పదుమూడునుండి మొదలిడి, రూపాయి పెట్టి ‘పదునాలుగు’, మరియొకటి పెట్టి ‘పదునైదు’, అయిదు పెట్టి ‘ఇరువది’ అనవలెను. పెట్టినవన్నియు కూడిన ఏడు, అదియే చిల్లర. అనుభవముగల అంగడివారు చేయునది ఇదియే.

పిమ్మట మీరు అంగడివారై, తెలిసియే ఒక రూపాయి తక్కువ యిండు. వాడు గ్రహించియు నోరు మెదపకపోవచ్చును. పెద్దల తప్పు పట్టరాదని మనమే నేర్పితిమి. లెక్కకంటె ఈ జంకు పోగొట్టుటయే కష్టము. ‘తాతా, ఇంకొక రూపాయి రావలెను’ అని మీతోనే పలుమారు అనిపింపుడు. పిదప సంతకు కొనిపోయి, ఉప్పు పొట్లము వానిచేతనే కొనిపింపుడు. వెనుకవారు తొందరపెట్టినను, చిల్లర అరచేతిలోనే యుంచుకొని, లెక్క ముగియువరకు కదలవద్దని చెప్పి, మీరు నాలుగడుగుల దూరమున నిలువుడు.