పుచ్చకాయలో కోడికూర

తెనాలి దగ్గర గుడివాడ అని ఒక పల్లె వుంది. కృష్ణా జిల్లాలోని గుడివాడ పట్నం వేరు, ఇది వేరు. ఇది గుంటూరు జిల్లాలోది. ఈ పల్లెలో కర్రె మస్తానమ్మ అనే ముసలమ్మ వుండేది. ఆవిడకు పదకొండో యేటనే పెళ్ళయింది. ఇరవై రెండేళ్ళకే భర్త పోయాడు. కూలిపని చేసి బిడ్డలను సాకింది.

2016లో మునిమనవడూ, అతని స్నేహితుడూ కలిసి ఆవిడ వంట చేస్తూండగా వీడియో తీసి యూట్యూబులో పెట్టారు. అప్పటికి ఆవిడకు నూరేళ్ళు దాటాయని ఇంటివాళ్ళ అంచనా. అంత వయసులో ఎవరైనా మంచం మీద కూర్చుని ఇతరులకు పనులు పురమాయిస్తారు. మస్తానమ్మ అలా కాదు. ఆరుబయట కట్టెల పొయ్యి ముందు కూర్చుని, అల్లం పొట్టును గోళ్ళతోనే గీకేసేది! ఉప్పూ, కారమూ చేతి కొలతే.

ఆవిడ మాట్లాడేది మన తెలుగే. మరి తెలుగు రాని దేశాలవాళ్ళకు ఏం అర్థమయింది? ఆలోచించండి. "కాసింత పసుపు" అంటే ఎంతో ఏ నిఘంటువూ చెప్పలేదు. కాని ఆవిడ వేళ్ళ మధ్య వున్న పసుపును చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అందుకే పది లక్షలమందికి పైగా ఆవిడ వంట చూడటానికి చేరారు. మన ఇళ్ళలో అమ్మమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని నేర్చుకునే పద్ధతే ఇది. పీటలు మాత్రం లక్షలు!

ఆవిడ వంటల్లో అందరికీ ఆశ్చర్యం కలిగించినది పుచ్చకాయలో కోడికూర. కాయలోని గుజ్జు తీసేసి, మసాలా పట్టించిన కోడిమాంసం ఆ డొల్లలో పెట్టి, నిప్పు మీద వండింది. డొల్ల కాలిపోదా అని మీరు అడగవచ్చు. పుచ్చతొక్క నిండా నీరే కదా! నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. తొక్కలో నీరు వున్నంతసేపూ, నిప్పు ఇచ్చే వేడిలో చాలా భాగం ఆ నీటిని ఆవిరి చెయ్యటానికే సరిపోతుంది. పైన నల్లబడినా లోపలి మాంసం ఆవిరికి మెత్తగా ఉడుకుతుంది. అరకులో పచ్చి వెదురు బొంగులో కోడిమాంసం వండటంలోని కిటుకూ ఇదే. కాగితపు దొన్నెలో నీళ్ళు పోసి దీపం మీద కాచినా దొన్నె అంటుకోదు. అయితే పిల్లలూ, పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఈ పని చెయ్యకండి.

2018 డిసెంబరు 2న మస్తానమ్మ చనిపోయింది. ఆవిడ వయసు 107 ఏళ్ళని పత్రికలు రాశాయి. మామూలుగా అయితే అలాంటి చేతివాటం మనిషితోనే పోతుంది. ఈ ముసలమ్మ గుప్పిట్లో ఎంత కొత్తిమీర పట్టేదో మాత్రం, ఈనాటికీ వీడియో పెట్టుకుని చూడవచ్చు.